పట్టుచీర కట్టని రోజు

"మీటింగుకి వెళ్తున్నావు సరే, మధ్యాహ్నం కూరేంటి?" అన్నాడు రంగనాయకులు.

జయలక్ష్మి అప్పటికే దొండకాయ వేయించి, చారు కాచి, అత్తగారికి పప్పు మెత్తగా ఉడికించి పెట్టింది. గ్యాసు కట్టేసిందో లేదో చూసుకుంది. గడప దాటాక మళ్లీ వెనక్కొచ్చి చూసింది. తెనాలి స్టేషన్‌లో రైలెక్కేలోగా ఇల్లు తగలబడినట్టు, అత్తగారు బాత్రూములో జారిపడినట్టు, కూతురి కాలేజీ బస్సు కాలవలోకి దూకినట్టు వరసగా ఊహించేసుకుంది. "దీని భయానికి ఎవరైనా జీతమిస్తే ఈపాటికి మేడ కట్టేవాళ్లం" అంటుంటాడు రంగనాయకులు, వచ్చినవాళ్లందరి దగ్గరా.

మీటింగు బాపట్లలో. మనసు బాగోలేనివాళ్లకీ, తాగుడు మానాలనుకునేవాళ్లకీ ఏ ఊళ్లో ఆసుపత్రి పెట్టాలో ఆడవాళ్లనే అడుగుదామని డాక్టర్ వాగ్దేవిగారు డ్వాక్రా సంఘాలను పిలిచారు. మిగతావాళ్లందరికీ పనులున్నాయని సంఘం జయలక్ష్మిని పంపింది. ఆమె చేసేవి పనులని ఎవరికీ తోచదు.

గోడ మీద పెద్ద మ్యాపు వేశారు. "తెనాలిలో ఒకటి పెడదామా?" అన్నారు డాక్టరుగారు.

"మా ఊళ్లో వద్దండి, రేపల్లెలో పెట్టండి" అన్నారు తెనాలివాళ్లు. రేపల్లెవాళ్లు బాపట్ల అన్నారు. బాపట్లవాళ్లు తెనాలే మంచిదన్నారు.

"రేషన్ షాపు వీధి చివరకి మారిస్తే గొడవ చేస్తారు, ఆసుపత్రి మాత్రం పక్కూళ్లో కావాలా?" డాక్టరుగారు తల పట్టుకున్నారు.

జయలక్ష్మి లేచింది. లేచాక, ఎందుకు లేచానా అని గుండె దడదడలాడింది.

"పక్కూరైతే పెళ్లికని చెప్పి వెళ్లొచ్చండి. మా ఆయన్ని రేపల్లెలో ఓ ఆసుపత్రికి అలాగే తీసుకెళ్లానండి. వీధిలోవాళ్లు నమ్మాలిగా! నేను పట్టుచీర, ఆయనకి జరీపంచె, చేతిలో గిఫ్టు ప్యాకెట్టు. తీరా వరండాలో చూద్దును గదా, మా ఎదురింటి హైమావతిగారు! ఆవిడా పట్టుచీరే. పక్కన ఫోను వదలని కొడుకు. 'పెళ్లికొచ్చారా వదినా?' అందావిడ. 'అవును, మీరో?' అన్నా. 'మేమూ పెళ్లికే. మీరు మగపెళ్లివారి తరఫా?' అంది. అలా మాట్లాడుకుంటూ కూర్చున్నామండి. ఇంతలో నర్సు బయటికొచ్చి 'తాగుడు కేసెవరూ?' అని కేకేసింది. 'భోజనాలకి పిలుస్తున్నారు వదినా' అని లేచొచ్చేశా."

హాలంతా ఘొల్లుమంది. "మాదీ ఆ పెళ్లేనమ్మా!" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

డాక్టరుగారు కళ్లు తుడుచుకుంటూ, "మరి మీ ఆయన మానేశారా?" అనడిగారు.

మానేశాడు. 'నా కొడుకు అనుకున్నాడంటే అంతే' అంది అత్తగారు. చుట్టాలంతా అతని పట్టుదల మెచ్చుకున్నారు. మాత్రలు వేళకి మింగించిందెవరో, వణికే చేతులు పట్టుకుని కూర్చున్నదెవరో ఎవరూ అడగలేదు. సాయంత్రం గేటు చప్పుడైతే చాలు, ఇప్పటికీ జయలక్ష్మి ముక్కు ఆమెకంటే ముందు వీధిలోకెళ్లి వాసన చూసొస్తుంది.

"మానేశారండి. నాకే ఆయనింకా తాగుతున్నట్టుంటుంది."

"మీరెవరికైనా చూపించుకున్నారా?"

"నాకెందుకండీ? నేను తాగనుగా!"

నవ్వుతారనుకుంది. ఎవరూ నవ్వలేదు. దాంతో ఆమెకీ నవ్వు రాలేదు.

"తెనాలిలోనే పెట్టండి" అంది. "జబ్బుమనిషిని తీసుకొచ్చేవాళ్లని చూడ్డానికీ ఓ గది ఉంచండి."

తెనాలిలో ఆ గది తెరిచిన రోజు జయలక్ష్మి ఉతికిన నూలుచీర కట్టుకుని గుమ్మం దిగింది. ఎదురింట్లోంచి హైమావతి తొంగి చూసి, "ఎక్కడ వదినా పెళ్లి?" అంది.

"పెళ్లి కాదు వదినా, గుండెదడ. చూపించుకోడానికి వెళ్తున్నా."

"ఉండు, చెప్పులేసుకొస్తా" అంది హైమావతి.

"వీధంతా వినేట్టు చెప్తావేంటే!" అన్నాడు రంగనాయకులు లోపల్నుంచి. "ఇంతకీ కూరేంటి?"

జయలక్ష్మి గేటు తీసుకుని వీధిలోకి నడిచింది. గ్యాసు కట్టేసిందో లేదో చూసుకోడానికి వెనక్కి రాలేదు. ఆ పూట ఆమె పొయ్యి వెలిగించనేలేదు.