వాసన రావడం లేదు నాయనా

కోడలు గోడ తుడుస్తోంది. ముందుగదిలో మొగుడి మోటారుబండి నిలబెట్టే చోట, మోకాలి ఎత్తున, గోడకి చేటంత మసి మచ్చ. రోజూ తుడుస్తుంది, రోజూ వస్తుంది. ఉత్త మసి అయితే నీళ్లకే పోయేది. ఇది జిడ్డు మసి. సబ్బు గుడ్డతో రుద్దితే పోవాల్సింది పోయి ఇంకాస్త పరుచుకుంటుంది. బకెట్లో నీళ్లు అప్పటికే మూడుసార్లు మార్చింది. గోళ్లలో నల్లటి జిడ్డు చేరింది. ఇదే చేత్తో ఇంకో గంటకి వంట చేయాలి.

బండి ఇంట్లో పెట్టక తప్పదు. వీధి ఇరుకు, బయట వదిలితే పొద్దుటికి చక్రాలుండవు. ఇల్లేమో వీధికంటే జానెడు పల్లం. గుమ్మానికి చెక్క వాలుగా వేసి, ఇంజను స్టార్టు చేసి, ఆ ఊపు మీద ఎక్కిస్తే తప్ప బండి బయటికి రాదు. మొదట్లో బాధ లేదు. సైలెన్సర్ కొస వెనకగుమ్మం వైపు ఉంటుంది కాబట్టి పొగ పెరట్లోకి పోయేది. రెండు నెలల కిందట ఇంజనుకీ సైలెన్సర్ గొట్టానికీ మధ్య అతుకు దగ్గర లీకు మొదలైంది. అప్పటినుంచి పొగ గదిలోనే.

అత్త మంచం కూడా ఆ గదిలోనే. ఆవిడది ముందునుంచీ పిల్లికూతల ఛాతీ. మొన్న డాక్టరు గొట్టం పెట్టి విని, చెవుల్లోంచి తీసి, కోడలితో అన్నాడు: "ఈవిడకి ఇంక పొగ తగలకూడదమ్మా. తగిలిందంటే నా దగ్గరికి తేవద్దు, నేరుగా పెద్దాసుపత్రికే."

మొగుడు కాగితాల దుకాణంలో అమ్మకం పని చేస్తాడు. వీధిలో అందరూ అతన్ని 'ఇంజనీరు' అంటారు. అది వేళాకోళమని అతనికొక్కడికే తెలీదు. మెకానిక్కు దగ్గరికి వెళ్లడమంటే అతనికి తల కొట్టేసినట్టు. లీకు మొదలయ్యాక మొదట గుడ్డ చుట్టి తీగ బిగించాడు. అది కాలి కంపు కొట్టింది. తర్వాత డబ్బా రేకు కత్తిరించి చుట్టాడు. ఆ తర్వాత స్నానాలగది కుళాయి అతుక్కని తెచ్చిన పుట్టీ ముద్ద మెత్తాడు. అది వేడికి ఉడికి, చీములా కారి, నేలమీద పడి గట్టిపడింది. కోడలు అట్లకాడతో గీకి తీసింది.

ప్రతిసారీ చివర్న ఒకటే పరీక్ష. ఇంజను స్టార్టు చేసి, మంచం వైపు తిరిగి అడుగుతాడు: "అమ్మా, వాసన వస్తోందా?"

"రావడం లేదు నాయనా. నీవి బంగారు చేతులు."

కాకి పిల్ల కాకికి ముద్దు. కానీ కొడుకు అటు వెళ్లగానే ముసలావిడ వెనకగుమ్మంలో కూలబడి, నోరు తెరుచుకుని, అరగంటసేపు గాలి వెతుక్కునేది. పక్కన పెట్టుకున్న రేకు డబ్బాలో ఉమ్మేది. ఆ డబ్బా కడిగేది కోడలు. అందులో నల్లటి చారలు కనిపించేవి. ఒకసారి మొగుడితో చెప్పింది. అతను తల్లిని అడిగాడు. "అయ్యో, లేదే! అమ్మాయి అలా అందా?" అందావిడ. ఆ పూట నుంచి కోడలు నోరు కుట్టేసుకుంది. ఆ తల్లిని చూసినా, ఆ కొడుకుని చూసినా, ఊరుకుంటున్న తనని చూసుకున్నా రోతే.

ఇవాళ సెలవు. డాక్టరు మాట తన చెవినా పడింది కాబట్టి పక్కా పని చేస్తానని కూర్చున్నాడు. బండి సామాన్ల దుకాణంలో అడిగి అతుకు మధ్య పెట్టే కొత్త రింగూ, వేడికి తట్టుకునే పేస్టూ తెచ్చాడు. గోడ తుడవడం ఆపించి కోడలి చేతికి టార్చిలైటు ఇచ్చాడు.

పక్కింటి దర్జీ గుమ్మంలోంచి తొంగిచూశాడు. "ఏం ఇంజనీరూ, ఈసారి ఎన్నాళ్లకి గ్యారంటీ?"

"జన్మకి!"

"ఎవరి జన్మకి?" అని నవ్వుకుంటూ పోయాడు దర్జీ.

రెండు నట్లూ ఊడదీసి గొట్టం లాగాడు. ఎండిన పుట్టీ, కాలిన గుడ్డ పీలికలు, మసి పెళ్లలు నేలమీద రాలాయి. కూరగాయల కత్తి తీసుకుని అంచులు గీకాడు. కోడలు పళ్లు బిగించి లైటు పట్టుకుంది. ఇంజను రంధ్రంలో, లోపల, నలిగి అతుక్కుపోయిన పాత రింగు కనబడింది.

"ఏవండీ, పాతది లోపలే ఉండిపోయింది."

"అది ఇంజనులో భాగమే."

"కాదండీ, చేతిలోది కూడా అచ్చం అలాగే..."

"నువ్వెప్పుడు ఇంజను విప్పావే? లైటు సరిగ్గా పట్టు చాలు."

పాతదాని మీదే కొత్తది పెట్టాడు. పేస్టు తీయడానికి అటూ ఇటూ చూసి, అత్త తలగడ దగ్గరున్న చెంచా అందుకున్నాడు.

"అది అత్తయ్య మందు చెంచా!"

"కడిగితే పోతుంది."

బూడిదరంగు పేస్టు, పుండు మీద మందు రాసినట్టు అతుకు చుట్టూ దట్టంగా పూశాడు. ఒక నట్టు పూర్తిగా బిగించేసి, తర్వాత రెండోది పట్టుకున్నాడు. గొట్టం ఓ పక్కకి ఒరిగింది. పైన పటారం, లోన లొటారం. వేలితో నునుపు చేసి, ఆ వేలిని తువ్వాలుకి తుడిచాడు. అత్త మొహం తుడుచుకునే తువ్వాలు.

"పేస్టు పెట్టె మీద ఒక రోజంతా ఆరాలని రాసుందండీ."

"వాళ్లలాగే రాస్తారు. వేడి తగిలితే ఇట్టే ఆరుతుంది."

"పోనీ అత్తయ్యని పెరట్లో కూర్చోబెట్టాక..."

"అమ్మ లేకపోతే పరీక్ష ఎలాగే?"

కిక్కు కొట్టాడు. ఇంజను అందుకుంది. మొదట పేస్టు మెల్లగా ఉబ్బింది. బుడగలు లేచాయి. ఆపైన టపటపమంటూ ముక్కలు ముక్కలుగా ఎగిరింది. అతుకులోంచి నల్లటి పొగ ఈలవేస్తూ బయటికొచ్చింది. ఇందాక తుడిచిన గోడ మీద, కోడలి చీర మీద, అత్త దుప్పటి మీద బూడిదరంగు తుంపర పడింది. కాలిన నూనె కంపు గదంతా నిండింది.

అతను పొగలోంచే మంచం వైపు తిరిగాడు. పలక మీద దిద్ది తెచ్చి చూపించే పిల్లాడి మొహంలా వెలిగిపోతోంది ఆ మొహం.

"అమ్మా, వాసన వస్తోందా?"

అత్త నోరు తెరిచింది. మాటకి బదులు దగ్గొచ్చింది. ఆగని దగ్గు. ఆ ఎముకల గూడంతా మంచం మీద ఎగిరెగిరి పడుతోంది. కోడలు టార్చి పారేసి, చెయ్యి చాపి తాళం తిప్పేసింది. ఇంజను ఆగింది. గదిలో ఆ దగ్గొక్కటే మిగిలింది.

"ఎందుకాపావే? ఇంకో నిమిషంలో ఆరిపోయేది!" అన్నాడతను.

కోడలు అత్తనే చూస్తోంది. చెప్పు అత్తయ్యా, ఈ ఒక్కసారి చెప్పు అనుకుంది.

దగ్గు నెమ్మదించాక ముసలావిడ కళ్లు తుడుచుకుంది. చేతికి మసి అంటింది. దాన్ని కాసేపు చూసుకుంది. తర్వాత కొడుకు మొహం చూసింది, చాలాసేపు. కోడలికి తెలిసిన చూపు కాదది. పాలగిన్నెలో ఈగను చూసినట్టు చూసింది.

మంచం దిగింది. మందుల సంచీలో రెండు చీరలు కుక్కుకుంది. చెంచా ముట్టుకోలేదు. రెండు వీధుల అవతలే కూతురి ఇల్లు.

"ఎక్కడికమ్మా? అసలు వాసన వచ్చిందా రాలేదా, అది చెప్పు!"

ఆవిడ చెప్పుల్లో కాళ్లు దూర్చి, గోడ పట్టుకుని, గుమ్మం దాటి వెళ్లిపోయింది.