వెల్లకిలా పడిన ఏడు రాళ్లు

తాను కాస్త కునుకు తీస్తే పాప ఊపిరి ఆగిపోతుందేమో! కొత్తగా తల్లయిన ఆ ఇల్లాలి భయాలన్నిటిలోకీ పెద్ద భయం ఇదే. మూడు నెలలుగా ఆమెకు కంటిమీద కునుకు లేదు.

నిజానికి పాప బాగానే ఉంది. బొద్దుగా ఉంది, కడుపునిండా తాగుతోంది. చూడవచ్చిన ప్రతి ఒక్కరూ "పాప ఎలా ఉంది?" అని అడిగి, బుగ్గలు పుణికి వెళ్లిపోయేవారు. అత్తగారు చెడ్డది కాదు. "బిడ్డను నేను చూస్తాలే, నువ్వు పనికి పోయిరా" అని పంపేది.

పని అంటే, సముద్రం వెనక్కి తగ్గినప్పుడు రాళ్ల మధ్య మడుగుల్లో పీతలూ నత్తలూ ఏరడం. అక్కడి ఆడవాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. రాయి తిరగేస్తే, కావలసింది తీసుకుని, మళ్లీ ఎలా ఉన్నదాన్ని అలా బోర్లించాలి. దాని కింద గుడ్లుంటాయి, గోరంత నక్షత్రచేపలుంటాయి, మెత్తటి పురుగులుంటాయి. ఎండ తగిలితే చచ్చిపోతాయి. చిన్నప్పుడు బడి మానిపించి రాళ్లమీదికి పంపిన నాటినుంచి ఈ ఇల్లాలు ఒక్క రాయినైనా వెల్లకిలా వదిలేసి ఎరగదు.

ఆ ఉదయం ఏడు రాళ్లు వెల్లకిలా పడి ఉన్నాయి.

"ఎవరమ్మా ఈ మహాతల్లి?" అంది ఒకామె.

"ఇంకెవరు, కొత్త తల్లిగారు! పక్షి అరిచినా పాప ఏడ్చిందంటూ ఇంటికి పరుగు. లోకంలో ఈవిడొక్కతే కన్నట్టు!"

అందరూ నవ్వారు. వాళ్లలో వయసు మళ్లిన, అందరూ రాళ్లపెద్దమ్మ అని పిలిచే ఆవిడ మాత్రం నవ్వలేదు. ఏడు రాళ్లనూ తానే బోర్లించి, నడుం పట్టుకుని గట్టుమీదికి నడిచింది. అక్కడ ఆ కొత్త తల్లి ఖాళీ బుట్ట పక్కన కూర్చుని ఎటో చూస్తోంది.

"తిట్టడానికొచ్చావా పెద్దమ్మా?"

"కాదే. ఎలా ఉన్నావో అడుగుదామని."

"పాప బాగానే ఉంది."

"పాప సంగతి కాదు. నీ సంగతి."

ఆమెకు ఏడుపు వచ్చింది. "నిద్ర పట్టదు పెద్దమ్మా. ఒక్కోసారి నేను లేకపోతేనే అది సుఖంగా ఉంటుందనిపిస్తోంది. చెబితే పిచ్చిదంటారు."

పెద్దమ్మ పక్కన చతికిలబడింది. "మా చెల్లెలికీ ఇంతేనే. అందరం పోయి దాని కొడుకుని ముద్దాడి వచ్చాం. దాని ముఖం చూసినవాళ్లు లేరు. మంచం పట్టాక గానీ తెలియలేదు. లే, ఇంటికి పోదాం."

ఆ పూట పాప పెద్దమ్మ ఒళ్లోనే ఉంది. "నాతో ఒక్క ముక్క చెప్పకూడదటే!" అని అత్తగారు కళ్లు తుడుచుకుని, కోడలు నిద్రపోవాలని గది తలుపు దగ్గరగా వేసింది. సాయంత్రం పాపను ఎత్తుకుని ముగ్గురూ ఆసుపత్రికి వెళ్లారు.

"ఇది పిచ్చీ కాదు, పొగరూ కాదు" అంది నర్సు. "కాన్పయ్యాక చాలామందికి వచ్చే జబ్బు. వైద్యం ఉంది. ఈమెను మాత్రం ఒంటరిగా వదలకండి."

నయం కావడానికి నెలలు పట్టింది. అయింది.

చదువుతున్న అమ్మలారా, అయ్యలారా! మీకు తెలిసిన ఇంట్లో పసిబిడ్డ ఉంటే ఈ రోజే ఒకసారి వెళ్లండి. బిడ్డను తరువాత ఎత్తుకోవచ్చు. ముందు తల్లి పక్కన కూర్చుని, నిద్ర పడుతోందా అని అడగండి. "బాగానే ఉన్నాను" అన్నదని వెంటనే లేచి రాకండి.