పాటలో తప్పిపోయిన కంచు తాళాలు

కొన్ని వస్తువులు ఇంట్లోకి ఒంటరిగా రావు, చుట్టాలను వెంటబెట్టుకుని వస్తాయి. కిషోర్ బాబు ఇంటికి మొదట వచ్చింది ఒక యాంప్లిఫయర్. దానికి తగిన స్పీకర్లు లేవని స్పీకర్లు వచ్చాయి. స్పీకర్లకు పెట్టెలు కావాలంటే, సమాధానం అని పేరున్న అతని తండ్రి టేకు చెక్క కోసి, చిత్రిక పట్టి, తన చేత్తో రెండు పెట్టెలు చేసిచ్చాడు. అక్కడితో ఆగిందా అంటే ఆగలేదు. లావు వైర్లు వచ్చాయి. వైర్లు వచ్చాక పాత యాంప్లిఫయర్ వాటికి ఆనలేదు. ఇంకోటి వచ్చింది. పాతది మంచం కిందికి పోయింది. కొన్నాళ్లకు దానికి అక్కడ తోడు కూడా దొరికింది.

వాకాడు అవతల రొయ్యల గుంటలు మొదలయ్యే చోట కిషోర్ బాబుకు మోటార్లు బాగుచేసే షెడ్డు ఉంది. గుంటల్లో నీళ్లు చిలికే చక్రాలు ఆగిపోతే రైతులకు గుర్తొచ్చేది అతనే. షెడ్డు వెనకే ఇల్లు. ఆ ఇంటి ముందుగదిలో కాలు పెడితే కరెంటాఫీసులోకి వచ్చామేమో అనిపిస్తుంది. సముద్రం మీది ఉప్పుగాలికి వైర్ల మొనలు పచ్చబడిపోతుంటాయి గనుక, తీరిక దొరికితే చాలు, కిషోర్ బాబు వాటిని గీకుతూ కూర్చుంటాడు.

"అత్తా, ఈ గది ఊడవాలంటే తొక్కుడుబిళ్ల ఆడాల్సొస్తా ఉండాది," అనేది కోడలు అబిగయీలు, చీపురు పట్టుకుని వైర్లు దాటుతూ.

"ఊడవబాకమ్మా. సముద్రం గాలికి అదే పోతుంది," అనేది ఆనందకుమారి.

ఆనందకుమారి కిషోర్ బాబు తల్లి. రెండో తరగతిలోనే బడి ఆమెను వదిలేసింది గానీ, విన్న పాట ఒక్కటీ ఆమెను వదిలిపెట్టి పోలేదు. చర్చిలో స్త్రీల సమాజం పాడుతుంటే అంతమందిలో ఎవరి గొంతు పక్కకు జారిందో కళ్లు మూసుకునే చెప్పేది. ఊళ్లో పులుసుకొకరిని, పురిటికొకరిని పిలిచినట్టే, పాటకు ఆనందకుమారిని పిలిచేవాళ్లు. కంచు తాళాలు వేసేది కూడా ఆమే. మణికట్టు నొప్పి మొదలయ్యాక ఆ తాళాల జతను సమాజంలో పాడే ప్రేమలీల చేతిలో పెట్టి, తను ముందు బెంచీలోకి మారింది.

కిషోర్ బాబు పిల్లవాడుగా ఉన్నప్పుడు చర్చికి జూబిలీ జరిగింది. నెల్లూరు నుంచి వచ్చినవాళ్లు ఎవరో టేపు పెట్టి స్త్రీల సమాజం పాడిన పాటను పట్టుకున్నారు. డోలు బెన్హర్‌ది, తాళాలు ఆనందకుమారివి. ఆ క్యాసెట్టు ఎన్ని చేతులు మారిందో, ఎన్నిసార్లు చుట్టుకుపోయి పెన్సిలు పెట్టి తిప్పించుకుందో, చివరికి కిషోర్ బాబు ఫోన్లోకి చేరింది. ఈ హంగంతా ఎందుకయ్యా అని బయటివాళ్లు అడిగితే అతను నసిగేవాడు గానీ, ఇంట్లోవాళ్లకు తెలుసు. ఆ పాట ఆనాడు చర్చిలో ఎలా మోగిందో అలాగే తల్లికి వినిపించాలి. అంతే అతని కోరిక.

ఆ కోరికే తీరడం లేదు. కొత్త వస్తువు బిగించినప్పుడల్లా తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి పాట పెట్టేవాడు.

"ఎట్లుండాది మా?"

"డోలు బాగుండాది నాయనా, కడుపులో మోగతా ఉండాది. గొంతులు కూడా బాగుండాయి. నా తాళాలే, దుప్పటి కింద కొట్టినట్టుండాయి."

సన్నటి మోతలు పలికే ట్వీటర్లు మార్చాడు. తాళాలు పక్కింట్లో మోగుతున్నట్టు ఉన్నాయంది. యాంప్లిఫయర్ మార్చాడు. ఊరవతలికి పోయాయంది. మొన్న ఇంకేదో మార్చితే, "ఈసారి అసలుకే లేవురా," అని దిగులుగా చెప్పింది.

వింత ఏమిటంటే తాళాలు కిషోర్ బాబుకు వినిపిస్తూనే ఉన్నాయి. కానీ అతనికి తన చెవి మీద కంటే తల్లి చెవి మీద నమ్మకం ఎక్కువ. నాకు వినబడేది అసలు మోత కాదు, అసలుది వస్తే అమ్మ ఇట్టే పట్టేస్తుంది అనుకునేవాడు. ఆమె కూడా ఉన్నది ఉన్నట్టే చెప్పేది. ఊరికే బాగుంది బాగుంది అనేస్తే బిడ్డ పడిన శ్రమను చులకన చేసినట్టు కాదా!

చివరికి తప్పు పెట్టెల మీదికి వచ్చింది. చేత్తో చేసిన పెట్టెలు సన్నటి మోతను మింగేస్తాయని, పాతవి తెచ్చిస్తే వాటికి బదులు కంపెనీ పెట్టెలు ఇస్తానని చెన్నైలో ఒక షాపాయన ఫోన్లో చెప్పాడు. సోమవారానికి కిషోర్ బాబు ట్రాలీ ఆటో మాట్లాడుకున్నాడు.

సమాధానం మాటలు తక్కువ మనిషి. ఆ ఉన్న నాలుగు మాటలనూ ఈ మధ్య కొంచెం అరిచి అంటున్నాడు, అంతే. ఆదివారం పొద్దున చర్చికి బయల్దేరుతూ ఆనందకుమారి చూసింది. ఆయన గుడ్డకు కొబ్బరినూనె అద్ది రెండు పెట్టెలనూ మూలమూలా తుడుస్తున్నాడు, బడికి పంపే బిడ్డకు తల దువ్వినట్టు.

"పోయేవాటికి నూనెందుకయ్యా?" అంది.

"పోయేవాటికే గదా," అన్నాడాయన.

ఆ మాట చర్చిదాకా కాల్లో ముల్లులా ఆమె వెంట వచ్చింది.

పాట మొదలైంది. ప్రేమలీల తాళాలు ఎత్తింది. రెండు కంచు బిళ్లలు కలవడం, విడిపోవడం, కిటికీ వెలుగులో తళుక్కుమనడం ఆనందకుమారి చూస్తూనే ఉంది. మోత మాత్రం రాలేదు. ఈ పిల్ల మొహమాటపడి అంచులు తాకించి ఊరుకుంటోంది అనుకుని, గట్టిగా కొట్టమని చేత్తో సైగ చేసింది. ప్రేమలీల కొట్టింది. పక్క బెంచీలో తల్లి ఒడిలో నిద్రపోతున్న పసిబిడ్డ ఉలిక్కిపడి లేచి ఏడుపు అందుకుంది. ఆనందకుమారికి ఏడుపు వినిపించింది. తాళాలు వినిపించలేదు.

ఆరాధన అయ్యాక ప్రేమలీల దగ్గరికి పోయింది. "పగిలినట్టుండాయి, ఇట్ల తే," అని తాళాలు తీసుకుని తానే కొట్టింది. చెక్క మీద చెక్క పడినట్టు టక్కుమంది. కానీ అరచేతుల్లోంచి మోచేతులదాకా జివ్వుమని పాకింది. ఆ జివ్వు ఆమెకు కొత్త కాదు. పగిలిన కంచు అలా పలకదు.

"మెల్లిగా కొట్టక్కా," అంది ప్రేమలీల, చెవులు మూసుకుని నవ్వుతూ. "చెవులు గింగురుమంటా ఉండాయి."

ఆనందకుమారి తాళాలను వాటి గుడ్డలో చుట్టి, ముడివేసి, ప్రేమలీల చేతిలో పెట్టింది.

ఇంటికి నడుస్తుంటే దారిపొడవునా ఒకటే ఆలోచన. ఇన్నేళ్లూ ఊరు తనను పిలిచింది ఈ చెవి కోసమే. అది పోయిందని ఎలా చెప్పడం? చెప్పకపోతే రేపు పెట్టెలు పోతాయి. పెట్టెలు పోయాక ఇంకేం మారుస్తాడో, ఆ తర్వాత ఇంకేమో. కొబ్బరినూనె గుడ్డ పట్టుకున్న మొగుడి చెయ్యి కళ్లముందు ఆడింది. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఆమె తేల్చుకుంది.

అబిగయీలు మామిడికాయ వేసి చేపల పులుసు పెట్టింది. నలుగురూ భోజనానికి కూర్చున్నారు.

"అబ్బయ్యా, రేపు చెన్నైకి పోబాక," అంది ఆనందకుమారి.

"ఏం మా? ఆటో కూడా మాట్లాడినా గదా."

"వద్దని చెప్పేయి. తప్పు మీ నాయన పెట్టెల్లో లేదు. నా చెవిలో ఉండాది."

చర్చిలో జరిగింది మొత్తం చెప్పింది. కిషోర్ బాబు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"తాళాలు పాటలో ఉండాయా అమ్మాయ్?" అని కోడల్ని అడిగింది.

"మొదటి రోజు నుంచీ ఉండాయత్తా. గదిలో గంట కొట్టినట్టు."

"మరి నోరిప్పలేదేం?"

"అది కూడా అసలు మోత కాదేమో అనుకున్నా. మీ తల్లీకొడుకులు అంత లోతుగా మాట్లాడుకుంటా ఉంటే మధ్యలో నేనేం చెప్పేది?"

సమాధానం గొంతు సవరించుకున్నాడు. "ఏడాదిగా నేనెందుకు అరస్తా ఉండాననుకున్నావే?"

"వయసు మీద పడి కోపం ఎక్కువైందనుకున్నా."

అబిగయీలు ఎంత ఆపుకున్నా నవ్వు ఆగలేదు.

"తెలిసి కూడా చెప్పలేదు గదయ్యా నువ్వు," అంది ఆనందకుమారి.

"నీ చెవికి వంక పెట్టేదానికి నేనెవర్ని?" అని ఆయన పులుసు కలుపుకున్నాడు.

కిషోర్ బాబు మాత్రం నవ్వలేదు. "అయితే ఇన్నాళ్లు నేను చేసిందంతా గుంటలో పోసినట్టేనా మా?"

"గుంటలో ఎందుకు పోతుంది నాయనా? బెన్హర్ పోయి ఎన్నేళ్లయింది, నువ్వు పాట పెట్టినప్పుడల్లా వచ్చి నా పక్కన నిలబడి డోలు కొడతా ఉండాడు. పాడినవాళ్లలో సగంమంది ఇప్పుడు లేరు. ఒక్కొక్కరి గొంతు విడివిడిగా వింటా ఉండా. అమ్మ కోసం, ఒక్క పాట కోసం ఇంత చేసినావు. నాకు నిండిపోయింది. ఇంక చాలు. ఆ పెట్టెలు మీ నాయన కోసినవి, నువ్వు పక్కన కూర్చోని ఉప్పుకాగితంతో రుద్ది నున్నగా చేసినవి. అవి యాడికీ పోకూడదు."

అతను చేతిలోని ముద్దను కంచంలో పెట్టేశాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "చిన్నప్పుడు నేను ఇంట్లో రేడియో విప్పి పడేసినా. నువ్వు కొట్టలేదు. పక్కన కూర్చోని, దొర్లిపోయిన మరలన్నీ ఏరి నా చేతికిచ్చినావు. అది తిరిగి పాడేదాకా లేవలేదు. ఈరోజు నా షెడ్డు, నా కూడు, అన్నీ దాంట్లోంచి వచ్చినవే. నీకు ఒక్క పాటన్నా సరిగ్గా వినిపించాలనుకున్నా మా, అంతే."

"తిను నాయనా, చల్లారిపోతుంది," అంది ఆనందకుమారి. పులుసు గిన్నె అతని ముందుకు జరిపింది.

సోమవారం ట్రాలీ ఆటో రాలేదు. తల్లీకొడుకులు బస్సెక్కి నెల్లూరుకు పోయారు. చెవుల డాక్టరు పరీక్ష చేసి, ఇది వయసుతో వచ్చేదేనని, ఇలాంటప్పుడు సన్నటి మోతలే ముందు జారిపోతాయని చెప్పాడు. కొన్నాళ్లకు రెండు చెవులకూ చిన్న మిషన్లు అమర్చాడు.

అవి పెట్టుకుని ఇంటికొచ్చిన పూట ఆనందకుమారి గుమ్మంలోనే ఆగిపోయింది. వంటింట్లో ఆవాలు చిటపటమంటున్నాయి. ఆవాలు చప్పుడు చేస్తాయన్న సంగతే ఆమె మరిచిపోయింది. తన గాజుల గలగల విని, ఎవరో వచ్చారేమోనని వెనక్కి కూడా తిరిగి చూసింది.

"ఏమే, వచ్చినావా?" అని కేకపెట్టాడు సమాధానం.

"వచ్చినా. పక్కన కోట ఊరిదాకా వినబడేట్టు అరవబాక," అంది.

కిషోర్ బాబు తల్లిని కుర్చీలో కూర్చోబెట్టాడు. అవే పెట్టెలు, అవే వైర్లు, అదే పాట. డోలు మోగింది. గొంతులు లేచాయి. వాటి మీద, రేకుల షెడ్డు మీద తొలి చినుకులు పడినట్టు, తాళాలు వచ్చాయి.

ఆమె ఒడిలో చేతులు వాటంతటవే కలుస్తూ, విడిపోతూ ఉన్నాయి. మూడో చరణంలో ఆ చేతులు ఠక్కున ఆగాయి.

"ఇదేందిరా? ఇక్కడ నేను తాళం తప్పినానే."

"తప్పినావు మా. క్యాసెట్టు రోజుల నుంచీ నాకు తెలుసు."

"చెప్పలేదేం?"

"నీ తాళానికి వంక పెట్టేదానికి నేనెవర్ని?"

సమాధానం గోడవైపు తిరిగి నవ్వుకున్నాడు.

"పోనీలే. మోత ఎట్లుండాది?" అని అడిగాడు కొడుకు.

అలవాటు ఎక్కడికి పోతుంది? "బాగుండాది. కొంచెం రేకు మోత. ఆనాటి అంత గుండ్రంగా లేదు," అనేసింది.

కిషోర్ బాబు ముఖం వెలిగింది. ఫోన్ తీశాడు. "ఈ చెవి మిషన్లలో కూడా పై రకాలు ఉండాయంట మా. చెన్నైలో..."

అబిగయీలు వాకిట్లో చీపురు వదిలేసి లోపలికి వచ్చింది.

ఆనందకుమారి కొడుకు చెయ్యి పట్టుకుంది. "తాళాలు ఇన్నాళ్లకు ఇంటికొచ్చినాయి నాయనా. వచ్చిన చుట్టాన్ని గుమ్మంలో నిలబెట్టి, నీ చీర బాగలేదు, మార్చుకోనిరా అంటారా? ఆ ఫోన్లో పాట తప్ప ఇంకేమీ వెతకబాక. మళ్లీ మొదట్నుంచి పెట్టు."

అతను తల్లి ముఖంలోకి ఒకసారి, తండ్రి పెట్టెలవైపు ఒకసారి చూశాడు. పాట మళ్లీ పెట్టాడు.

అబిగయీలు వంటింట్లోకి పోయి రెండు గిన్నెమూతలు తెచ్చి అత్త చేతిలో పెట్టింది. మొదటి చరణం అయింది, రెండోదీ అయింది. మూడో చరణంలో పాత టేపులోని ఆనందకుమారి ఆలస్యమైన చోట, కుర్చీలోని ఆనందకుమారి సమయానికి కొట్టింది.