కరుణాకరం సారు పలక

"పొర పొరా ఇప్పవే నల్లరాతి తల్లీ, పొరలోన ఏముందో..." ఆ తర్వాత ఏందో మరిచిపోయినా. మార్కాపురం క్వారీ కాడ మా అమ్మ పలకరాయి చీలుస్తా పాడేది. నేను నలభై ఏళ్లు పలకలకు చెక్క చట్రాలు బిగించినా. ఒక్కదాని మీదా గీత గీయలేదు.

మా వీధి బడిలో పాఠాలు చెప్పిన కరుణాకరం సారు రిటైరైనాక వార్డు కౌన్సిలరుగా గెలిచినాడు. రోజూ పొద్దున్నే బడి అరుగు మీద కూర్చునేవాడు, ఒళ్లో పలకతో. జనం చెప్పిన పనుల్లో ఒకటి దానిమీద రాసేవాడు. పని అయ్యేదాకా ఆ రాత చెరిగేది కాదు. తడిగుడ్డ పెట్టినా అంతే, దొండాకు రుద్దినా అంతే. 'కుళాయి' అని రాస్తే పదకొండు రోజులుండింది. నీళ్లొచ్చిన పొద్దున పలక నల్లగా మెరిసింది. ఆఫీసర్లు వచ్చినా ఫైలు అడిగేవాళ్లు కాదు, పలక చూసేవాళ్లు.

ఒకనాడు నేను పింఛను కాగితం మీద వేలిముద్ర వేస్తుంటే సారు చూసినాడు.

"ఇన్ని పలకలు చేసినావు గదా పెద్దమ్మా, ఒక్కదాని మీదన్నా రాసినావా?"

"చట్రం బిగిస్తే కూలి ఇస్తారు గానీ, రాస్తే ఇస్తారా సారూ?"

ఆయన నవ్వలేదు. పలక మీద 'శేషమ్మ చదవాల' అని రాసినాడు.

ఇంక ఆర్నెల్లు పలక నిండా నేనే. మా గతుకుల వీధికి రోడ్డు రాయాలంటే చోటు లేదు. ఎలక్షన్లు దగ్గరపడినాయి.

"నీకు 'అ' వచ్చేలోగా మా ఆటో టైర్లు అరిగిపోతాయి గదా శేషక్కా!" అనేది పక్కింటి ఖాతూన్బీ.

"నన్ను తుడిచెయ్ సారూ, ఓడిపోతావు" అని ఏడ్చినా.

"తుడిస్తే పోయేదా అది? బలపం పట్టు."

పోలింగు నాడు, ఆ బడిలోనే, సిరా డబ్బా పక్కకు జరిపి సంతకం పెట్టినా. లోపల గుర్తులు చూడలేదు. ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటా 'కరుణాకరం' అని చదివి, మీట నొక్కినా. బయటికొచ్చి చూస్తే, అరుగు మీద సారు పలకను రెండు చేతులా ఎండలోకి ఎత్తి పట్టుకున్నాడు. దాని మీద ఏమీ లేదు.

పందొమ్మిది ఓట్లతో ఓడినాడు. ఆ మర్నాడు గిద్దలూరులో కూతురింటికి పోతా, పలకా బలపమూ నా చేతిలో పెట్టినాడు. నేను రాసిన 'రోడ్డు' శ్రావణంలో చెరిగింది. ఆ నెలలోనే సారును గిద్దలూరు నుంచి కడసారి మా వీధికి తెచ్చినారు; ఆ కొత్త సిమెంటు మీదనే పాడె కుదుపు లేకుండా పోయింది.

పలక ఇచ్చిన పొద్దున, బస్సు ఎక్కబోతా వెనక్కి తిరిగి అన్నాడు:

"నొక్కి రాయి పెద్దమ్మా. రోడ్డు అయినాక కాలవ."