ఆరుగురికి సరిపడా

చొక్కా ఇస్త్రీ సగంలో ఉండగా కెన్రిక్ అన్నాడు: "వచ్చే శనివారం ఓవియా వెళ్దాం. ఉప్పు కొలనులో స్నానం చేసి సాయంత్రానికి వచ్చేద్దాం. అందరం."

వెర్లీన్ ఇస్త్రీపెట్టెను పక్కన నిలబెట్టి అతని మొహంలోకి చూసింది. అతను కిటికీలోంచి తన వ్యాను టైర్లను చూస్తున్నాడు. పంతొమ్మిదేళ్ల కాపురంలో అతని నోట "అందరం" అనే మాట వినడం ఆమెకు గుర్తున్నంతవరకు రెండే సార్లు. ఒకటి తుఫానుకి చర్చిలో తలదాచుకున్న రోజు, రెండోది మామగారిని పూడ్చడానికి వెళ్లిన రోజు. కింగ్స్‌టౌన్ నుంచి శాండీ బే దాకా ఆ తూర్పు తీరం రోడ్డు మీద రోజూ మూడు సార్లు జనాన్ని ఎక్కించుకుని పోయివచ్చే మనిషి. శాండీ బే దాటితే ఓవియా ఎంతో దూరం లేదు. కూతురు జొమెల్ చిన్నప్పుడు ఆ కొలను చూస్తానని ఏడిస్తే, "చూడ్డానికేముంది, అక్కడా నీళ్లే, ఇక్కడా నీళ్లే" అని కసిరాడు. ఇప్పుడా పిల్లకి పదహారేళ్లు. ఇన్నాళ్లకి ఆ నీళ్లలో ఏం కనపడిందో.

"వెళ్లు పిల్లా, ఉప్పునీళ్లలో మునిగితే ఒళ్లు నొప్పులు పోతాయి. నేనూ వస్తా," అంది వరండాలోంచి అత్తగారు ఐసిల్మా.

దాంతో వెర్లీన్‌కి అనుమానం రెట్టింపయింది. చర్చిలో ఆడవాళ్ల మీటింగుకని ఒక గంట బయటికి వెళితే, "ఇల్లు నీ వెనకే నడిచొస్తుందా?" అని అడిగే మనిషి ఈవిడ. తల్లీ కొడుకూ ఒక్క మాట మీదకు రావడం కూడా ఆమె రెండు సార్లే చూసింది. మామగారికి పక్షవాతం వచ్చి మంచాన పడ్డప్పుడు, "వెర్లీన్ చేతుల్లో అయితే నాన్న నిమ్మళంగా ఉంటాడు" అన్నారు ఇద్దరూ. ఆమె కింగ్స్‌టౌన్‌లో యూనిఫారాలు కుట్టే షాపులో పని మానేసింది. నాలుగేళ్లు పక్కబట్టలు ఉతికింది. ఆడబిడ్డ టొరంటో వెళుతూ రెండేళ్ల కూతుర్ని దింపినప్పుడు, "వెర్లీన్‌కి పిల్లలంటే ప్రాణం కదా" అన్నారు. ఆరేళ్లు పెంచింది. ఆ పిల్ల వెళ్లేటప్పుడు విమానం మెట్లెక్కుతూ వెనక్కి చూసి చూసి ఏడిస్తే, ఇంటికొచ్చాక కెన్రిక్, "అన్నం పెట్టు, ఆకలేస్తోంది" అన్నాడు. ఈ ఇంట్లో ముందు పొగడ్త వస్తుంది. దాని వెనకే పని వస్తుంది. ఈసారి పొగడ్త బదులు విహారం వచ్చింది. అంటే వెనక రాబోయేది చిన్న పని అయి ఉండదు.

ఆమె శనివారానికి ఏమేం కావాలో అనుకోవడం మొదలుపెట్టింది. ఏ ప్రయాణమైనా ఈ ఇంట్లో వాళ్లు వెళ్దామంటారు, వండి మూటగట్టేది ఆమె. సీమపనస కాయలు నిప్పుల మీద కాల్చాలి. జాక్ చేపలు వేయించాలి. కోడి ముక్కలు, పచ్చి కందిగింజలు వేసి పెలావ్ వండాలి. అల్లం నీళ్లు సీసాల్లో పోయాలి. అత్తగారి మోకాలి నూనె, కెన్రిక్ కుర్చీ, తువ్వాళ్లు.

"ఆరుగురికి సరిపడా వండు," అన్నాడు కెన్రిక్ మర్నాడు పొద్దున టీ తాగుతూ.

"మనం నలుగురమే కదా."

"దారిలో ఎవరో ఒకరు కలుస్తారు. తెలిసినవాళ్ల ఊళ్లు. ఇంకో మాట, పెలావ్‌లో మిరపకాయ వెయ్యకముందే కాస్త పక్కకి తీసి ఉంచు."

"ఈ ఇంట్లో కారం తిననిది ఎవరు?"

"అమ్మకి కడుపులో బాగుండటం లేదు."

అమ్మ పక్కనే కూర్చుని గుడ్డు మీద మిరపకాయ పులుసు పోసుకుని తింటోంది. తల కూడా ఎత్తలేదు.

బుధవారం అతను ఒక కాగితం తెచ్చాడు. తోటి డ్రైవరు కూతురికి గౌను కుట్టాలట. పదకొండేళ్ల పిల్ల. గుడ్డ పసుపుపచ్చ కాటన్. శుక్రవారానికి కావాలి. కొలతలు శాండీ బేలో ఎవరో కుట్టుపని ఆవిడ రాసిచ్చింది. వెర్లీన్ కాగితం మిషన్ పక్కన పెట్టి, గుడ్డ పరిచి, చాక్ పట్టుకుని ఒక్కో కొలతా గీస్తూ వచ్చింది. ఛాతీ, నడుము, పొడవు. చేతుల పొడవు పదకొండేళ్లకి కొంచెం ఎక్కువే. కింద ఇంకో మాట ఉంది: ఎడమ భుజం అర అంగుళం కిందికి.

చాక్ పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. పెళ్లి సూటు కుట్టినప్పుడు కెన్రిక్ ఎడమ భుజం అర అంగుళం కిందికి దించింది తనే. ఏటా జొమెల్ స్కూలు చొక్కాకి దించేదీ తనే. "నాన్న భుజం, నాన్న చేతులు, నాది అంటూ ఏముందే నీలో" అని పిన్నులు నోట్లో పెట్టుకుని ఎన్నిసార్లు నవ్విందో. ఊరి నిండా జనం ఉన్నారు, అందరి భుజాలూ సమంగానే ఉండవు. కానీ అదే భుజం, అదే అర అంగుళం, ఆ చేతులు. ఆమె కుర్చీలో కూర్చుంది. ఏడుపు రాలేదు. లెక్క వచ్చింది. పదకొండేళ్లు, దాని ముందు తొమ్మిది నెలలు. అది మామగారి పక్కబట్టలు ఉతికిన కాలం. అప్పటికి శాండీ బే దారిలో రబాకా ఏటి మీద వంతెన లేదు. కొండల్లో వాన పడితే ఎండిన ఏరు ఒక్కసారిగా పొంగి రోడ్డు తెగిపోయేది. "ఏరు పొంగింది, అవతలే ఉండిపోయా, వ్యానులోనే పడుకున్నా" అనేవాడు వారానికి ఒకసారన్నా. ఆమె అతని నడుముకి నూనె రాసేది, పాపం సీట్ల మీద పడుకుని పట్టేసి ఉంటుందని.

అన్నిటికన్నా ఆ నూనె రాయడం గుర్తొచ్చి ఒళ్లు మండింది.

గౌను కుట్టింది. బాగా కుట్టింది. కుడుతున్నంతసేపూ ఒకటే ఆలోచన. పదకొండేళ్లు దాచగలిగినవాడు పన్నెండో ఏడు కూడా దాచగలడు. మరి ఇప్పుడెందుకు చూపిస్తున్నాడు? తప్పు ఒప్పుకోవాలనిపించిన మనిషి ఇంట్లో తలుపేసుకుని ఒప్పుకుంటాడు గానీ, ఆరుగురికి వంట చేయించి సముద్రం దగ్గరికి తీసుకెళ్లడు.

గురువారం మధ్యాహ్నం అత్తగారికి జడలల్లుతూ, చాలా మామూలుగా అడిగింది. "అత్తమ్మా, జొమెల్ గదిలో రెండు మంచాలు పడతాయంటావా?"

"నీ మిషన్ బయట పెట్టేస్తే పడతాయి," అంది ఐసిల్మా వెంటనే.

ఆ తర్వాత ఆవిడ మెడ బిగుసుకుపోవడం వెర్లీన్ వేళ్లకి తెలిసింది. వెర్లీన్ చివరి జడ కూడా శ్రద్ధగా అల్లి, చివర ముడేసి, దువ్వెన కడిగి లోపల పెట్టింది. ఆ సాయంత్రం జార్జిటౌన్‌లో ఉన్న అక్క ఆల్వియాకి ఫోన్ చేసింది. శుక్రవారం రాగానే జొమెల్‌ని పెరట్లోకి తీసుకెళ్లి ఉన్నదంతా చెప్పింది. జొమెల్ సీమపనస చెట్టు మొదలు కాలితో గీరుతూ నిలబడింది.

"నీకు తెలుసని నాన్నకి తెలుసా?"

"తెలీదు."

"మరి రేపు ఏం చేస్తావు?"

"నోరు తెరిచి అడుగుతాడో, ఎప్పట్లాగే పని నా చేతిలో పెట్టి తప్పుకుంటాడో చూస్తాను."

ఓవియాలో రోడ్డు అంచున వ్యాను ఆపి, మెట్లు దిగుతుంటే గాలికి తట్ట మీద గుడ్డ లేచిపోతోంది. కింద నల్లటి అగ్నిపర్వతపు రాళ్లు గోడ కట్టినట్టు నిలబడ్డాయి. అవతల అట్లాంటిక్ వాటిని గుద్ది తెల్లగా లేస్తోంది. ఇవతల కొలను మాత్రం పచ్చగా, అడుగు కనపడేంత నిలకడగా ఉంది. చేపలు పట్టే ఊరు బారెలీలో పుట్టి సముద్రంలోనే పెరిగిన వెర్లీన్‌కి పెళ్లయ్యాక నీళ్లలో దిగే తీరిక దొరకలేదు. ఒక్క క్షణం వచ్చిన పని మర్చిపోయి చూసింది.

గుడిసె నీడలో ఒక సన్నటి ఆడమనిషి లేచి నిలబడింది. పక్కన పసుపుపచ్చ గౌనులో ఒక పిల్ల. భుజాల దగ్గర ఎక్కడా ముడత లేదు. కెన్రిక్ కుర్చీ భుజాన వేసుకుని, వాళ్లని దాటి, సముద్రం వైపు మొహం పెట్టి నిలబడ్డాడు. ఐసిల్మా తట్టలో ఏదో వెతకడం మొదలుపెట్టింది.

ఆ ఆడమనిషే వచ్చి వెర్లీన్ రెండు చేతులూ పట్టుకుంది. "మిస్ వెర్లీన్, నా పేరు రొమేనా. మీ ముందు నిలబడే మొహం నాకు లేదు. టోర్టోలా దీవిలో హోటల్ పని, రెండేళ్లు. పిల్లని తీసుకెళ్లనివ్వరు. మీ దగ్గర ఉంచుకోవడానికి మీరు ఈస్టర్‌కే సరేనన్నారని కెన్రిక్ చెప్పాడు కాబట్టి పని కాగితాల మీద సంతకం పెట్టాను. లేకపోతే పెట్టేదాన్ని కాదు. దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి."

ఈస్టర్ వెళ్లి మూడు నెలలైంది. మూడు నెలలుగా ఎక్కడో ఈ తూర్పు తీరం మీద తను సరేనన్న మనిషిగా తిరుగుతోంది. తన నోరు, తన మాట, తనకే తెలియకుండా. రొమేనా మీద కోపం వస్తుందేమోనని వెర్లీన్ ఎదురుచూసింది. రాలేదు. ఆ చేతులు చాకిరీతో గరుకుగా ఉన్నాయి, తనవిలాగే.

"నాకు పెద్ద మంచం అక్కర్లేదు," అంది రొమేనా కూతురు నెరిస్సా ఉన్నట్టుండి, నేల చూస్తూ. "నేను ఎక్కువ చోటు పట్టను."

వెర్లీన్ చెయ్యి దానంతటదే లేచి పిల్ల కాలరు సర్దబోయింది. సగంలో ఆపుకుంది. కెన్రిక్ నమ్ముకున్నది సరిగ్గా ఈ చేతినే. నలుగురిలో, నీళ్ల పక్కన, కొత్త గౌనులో పిల్లని నిలబెడితే ఈ చెయ్యి లేస్తుందని అతనికి పంతొమ్మిదేళ్లుగా తెలుసు. ఆమె ఒక్క క్షణం ఆలోచించి, మళ్లీ చెయ్యి చాచి కాలరు సర్దింది. పిల్ల ఏం చేసింది పాపం.

"అలా అనకు. నీకు ఎంత చోటు కావాలో అంతా తీసుకో. అది మీ నాన్న ఇల్లు," అంది. తర్వాత గొంతు పెంచకుండా పిలిచింది. "కెన్రిక్, ఇలా రా."

అతను వచ్చాడు. కళ్లు కలపలేదు. "ఇంటికెళ్లాక మాట్లాడుకుందాం వెర్లీన్. జనం చూస్తున్నారు."

"జనం చూస్తారనే కదా ఇక్కడికి తెచ్చావు. నేను అరవనులే. రొమేనా, పిల్ల ఎన్నింటికి లేస్తుంది, కారం ఎందుకు తినదు, జ్వరమొస్తే ఏం పట్టాలి, జడలకి ఎంతసేపు పడుతుంది, అవన్నీ ఇతనికి చెప్పు. పెంచేది ఇతను."

"నాకేం తెలుసు అవన్నీ?" అన్నాడు కెన్రిక్. నిజంగానే భయపడ్డాడు.

"నాకు మాత్రం పుట్టుకతో తెలుసా? సోమవారం నుంచి నేను జార్జిటౌన్‌లో మా అక్క దగ్గర ఉంటాను. అక్కడ కుట్టుపని ఉంది. జొమెల్ ఎక్కడుండాలో జొమెల్ చెబుతుంది."

"శనివారాలు నీ దగ్గరికొస్తా," అంది జొమెల్. తల ఎత్తే ఉంది. "చెల్లికి స్కూలు దారి చూపించాలి కదా ముందు."

ఐసిల్మా తట్టలోంచి తలెత్తింది. "ఈ వయసులో నన్ను, ఇంటినీ వదిలేసి పోతావా? జనం ఏమనుకుంటారు?"

"మీ అబ్బాయి ఉన్నాడు అత్తమ్మా. మీ చేతుల మీద పెరిగినవాడేగా."

ఐసిల్మా మళ్లీ తట్టలోకి వంగింది. రొమేనా ఒకసారి వెర్లీన్ వైపు, ఒకసారి కెన్రిక్ వైపు చూసింది. తర్వాత కెన్రిక్ ఎదురుగా రాతి బల్ల మీద కూర్చుని, "ఐదున్నరకి లేస్తుంది," అని మొదలుపెట్టింది.

వెర్లీన్ చెప్పులు విప్పి, గౌను మోకాళ్ల పైకి ముడేసి కొలనులోకి దిగింది. నీళ్లు మొదట చల్లగా కొరికి, తర్వాత ఒంటికి అలవాటయ్యాయి. నడుము దాకా, ఛాతీ దాకా వచ్చాక కాళ్లు వదిలేసి వెల్లకిలా తేలింది. ఒళ్లు ఈత మర్చిపోలేదు. చెవులు నీళ్లలో ఉండటంతో ఒడ్డు మీద మాటలు దూరంగా, ఎవరి ఇంట్లోవో అన్నట్టు వినపడుతున్నాయి. రాళ్ల అవతల పెద్ద కెరటం ఒకటి విరిగింది. నురుగు ఆమె మొహం మీద పడింది.

"వెర్లీన్," కెన్రిక్ ఒడ్డు నుంచి పిలిచాడు. "పిల్లలకి ఆకలేస్తోందట. ప్లేట్లు ఎక్కడ పెట్టావు?"

ఆమె కళ్లు తెరవలేదు.

"వెతుక్కో," అంది.