నేరేడువన్నె శాలువ

మార్గశిరమాసారంభంబున చిత్తూరు సీమయందలి యొక కొండపట్టణమునందు తెల్లవారినను సూర్యుండు కానరాక శ్వేతనీహారయవనిక లోయనుండి మెల్లమెల్లన పైకెగసి పెంకుటిండ్ల చూరులవెంట బొట్లుబొట్లుగా జారుచు వేరుసెనగ కళ్ళములయందు కావలియున్న రైతుల కంబళులను తడిపి వీధికుక్కలను వేన్నీళ్ళపొయ్యిల బూడిదలోనికి దూరజేయుచుండెను. అట్టి ప్రాతఃకాలంబున వేదవల్లమ్మ వసారాయందు మోకాళ్ళు ముడుచుకొని కూర్చుండి ప్రాతచీర చెరగును భుజములచుట్టు బిగించి యెవరిదో యొక స్వెటరునకు చేతులల్లుచుండెను.

ఆ పట్టణంబున ఆమె యల్లిన కుళ్ళాయి లేని శిశువును ఆమె యల్లిన మఫ్లరు లేని కంఠమును వెదకినగాని దొరకవు. దీనికి ఆమె హస్తనైపుణ్యమెంత కారణమో ఆమె భర్తయు పింఛనుపుచ్చుకొనుచున్న రెవెన్యూ ఉద్యోగియు నగు శేషాచలపతిగారి నోటి ఔదార్యము నంతియ కారణము. దానమునందు ఆనందములు రెండు గలవు. ఇచ్చువాని ఆనందమొకటి ఇచ్చెదనని పలుకువాని ఆనందమొకటి. మొదటిది శ్రమసాధ్యము. శేషాచలపతిగారు జీవితమంతయు రెండవదానినే అనుభవించుచు వచ్చిరి. పెండ్లిపందిళ్ళయందును కచేరీ మెట్లపైనను ఊరి వెలుపలి క్షయరోగుల ఆరోగ్యాలయమునందును చలికి వడకువాడు కంటబడినంతనే "మా ఇంటామె అల్లిస్తాదిలే" యని వాగ్దానమొనర్చి పరమశాంతచిత్తులై ఇల్లు చేరుచుందురు. పిదప సూదులు పట్టవలసినది ఆమె.

ఇంతమందికి వెచ్చదనము పంచిన ఆ స్త్రీకి తనదని చెప్పుకొనదగిన ఉన్నివస్త్ర మొక్కటియు లేకుండెను. నేరేడుపండు వన్నెగల ఉన్నిని తనకొక శాలువకై ఏరికోరి తెచ్చుకొని ఆమె కొన్ని హేమంతములు గడచినవి. కాని ఉన్నికొక దుర్లక్షణము గలదు. అల్లినదానిని విప్పినచో మరల దారమే యగును. సూదులమీద నున్నది ఎవరిదియు కాదనియు ఎవరికి ముందు అక్కర కలిగిన వారిదనియు ఆ యింట ఒక ధర్మము తనంతట నెలకొనెను. శాలువ సగమైనప్పుడెల్ల అది యెవరి బిడ్డకో అంగీయై వెడలిపోవుచుండెను. మిగిలిన దారమునకు ఆమె మరల క్రొత్త ఉన్ని చేర్చుచుండెను.

ఆ యేడును ప్రక్కింటి రుక్కమ్మ గోడమీదినుండి తొంగిచూచెను.

"ఏమి వదినా, ఈ రంగుది ఎవురికి?"

"నాకు."

"నీకా!" యని రుక్కమ్మ పకపక నవ్వెను. "పొద్దస్తమానం ఒళ్ళో ఉన్ని పెట్టుకోనుంటావు, నీకు చలి యాడుంటాది వదినా? మావాడి కాళ్ళు చూడు, పగిలి నెత్తురు కారతాండాయి. వానికి మేజోళ్ళన్నా అల్లీరాదా?"

వేదవల్లమ్మ ఆ మధ్యాహ్నమే శాలువను విప్పసాగెను. దారము వరుసవరుసగా జారి ఒడిలో కుప్పపడుచుండ ఆమె దంతములు కొరికి రుక్కమ్మను తిట్టుకొనెను. భర్తను తిట్టుకొనెను. అంతట చిత్తపుటడుగున ఒక చిత్రమైన తీపి కదలుటను గుర్తించి చకితయయ్యెను. నొప్పిపంటిని నాలుకతో మాటిమాటికి తడవుకొనువానికి కలుగు తీపియది. రుక్కమ్మ ఒక్కమారే అడిగెను. రెండవమారు అడుగకమున్నే తాను విప్పెను. తనను దోచుకొనువారిలో మొదటిది తానేయని తెలిసినంతనే ఆమె విసుగు మిన్నుముట్టెను. లోకముపై విసుగుకొన్నచో తలుపు మూసికొనవచ్చును. తనపై తాను విసుగుకొన్నవారు ఏ తలుపు మూయుదురు?

రుక్కమ్మ కొమారునికి మేజోళ్ళు వేరొక ఉన్నితో అల్లి ఇచ్చెను. విప్పిన దారముతో శాలువను మాత్రము మరల వంటయింట బియ్యపుతొట్టి చాటున కూర్చుండి అల్లెను. కోపముతో నల్లుటచే కుట్లు బిగువై తలచినదానికన్న అది కురుచయయ్యెను. అయినను కడపటి వరుస ముగించి ముడివైచి దారమును కత్తెరతో త్రెంచెను. ఇక నది విప్పుటకు వీలుగాని వస్తువు.

ఆరోగ్యాలయమున ఉన్నిబట్టలు పంచు దినమున ఆమె దానిని కప్పుకొని భుజముమీద ముడివైచి బయలుదేరగా భర్త చూచెను.

"ఏమే, ఇదెవురిది?"

"నాది."

"బాగుండాది" యని ఆయన అచట చేయబోవు తన ఉపన్యాసమును నెమరువైచుకొనుచు జట్కా ఎక్కెను.

పంపకము ముగియనుండగా వేదికచెంతకు ఆ ఉదయముననే చేరిన రోగియొకతె వచ్చి నిలిచెను. ఎముకలపై రవిక తప్ప నామె భుజములమీద ఏమియు లేదు. బల్లపై బట్టలు నిండుకొన్నవి. శేషాచలపతిగారు కంఠమెత్తి "నువ్వేం దిగులు పడొద్దు తల్లీ! మా ఇంటామె ఉండాది కదా, ఇప్పుడే ఇప్పిస్తా!" యనిరి. కరతాళధ్వనులు మ్రోగెను. ఎల్లర కన్నులును నేరేడువన్నె శాలువపై వ్రాలెను.

వేదవల్లమ్మ కుడిచేయి తనంతట లేచి భుజముమీది ముడిని పట్టెను. ఆ చేయి తనది కాదనియు అలవాటుదనియు ఆమెకు తోచెను. చేతిని బలవంతమున దించుకొనెను.

"ఏమండీ, మీ కోటు విప్పండి."

"కోటా? ఎందుకే?"

"లోపలుండే స్వెటరు ఇచ్చేదానికి. అదీ నేను అల్లిందే, ఏం తక్కువలేదు."

"అందరి ముందరా?"

"మాటిచ్చింది అందరి ముందరే కదా."

వెనుకవరుసనుండి యొక నవ్వు పుట్టి దగ్గుగా మారి చావడి నిండెను. శేషాచలపతిగారు కోటు విప్పిరి. స్వెటరు తలమీదుగా తీయుచుండగా కండ్లజోడు చిక్కుకొనెను. రోగి దానిని తొడుగుకొనగా చేతులు మోకాళ్ళదాక వ్రేలాడెను. ఆమె వాటిని మడుచుకొని "చానా వెచ్చంగుండాది సామీ, మీ వొంటి వేడి ఇంగా పోలా" యనెను. శేషాచలపతిగారు కోటు తొడుగుకొని గుండీలు ఒక్కొక్కటిగా పెట్టుకొనసాగిరి.

తిరుగుదారిన కొండగాలి జట్కా తెరలను కొట్టుచుండెను. ఆయన కోటులో ముడుచుకొని పండ్లు పటపటలాడ "ఏం చలే ఇది!" యనెను.

"ఊఁ. ప్రతి ఏడూ ఇంతే" యని ఆమె బదులిచ్చెను.

ఆయన ఆమెవైపొకమారు చూచి చూపు త్రిప్పుకొనెను. శాలువ యంచును పంచుకొనుటకు ఆమె చేయి మరల లేచెను. తాను కప్పుకొన్న వెచ్చదనమున ఒక గుక్కెడు సిగ్గు కలిసియున్నదని ఆమెకు తెలిసెను. దానిని భరించుటయు నేర్చుకొనవలసిన విద్యయే కాబోలు. లేచిన చేయి అరక్షణము గాలిలో నిలిచి పిదప మెల్లగా తిరిగివచ్చి శాలువలోనికి ముడుచుకొనెను.