వెనకాలే వచ్చిన ఫొటో

సూదిలో దారం ఎక్కకపోతే వీధిలోని ఆడవాళ్ళంతా ఆ టైలరమ్మ దగ్గరికే పరిగెత్తేవారు. యాభై దాటినా కళ్ళజోడు లేదు. "అక్క కంటపడితే నలుసైనా తప్పించుకోలేదు" అని వేళాకోళమాడేవారు.

ఆ కళ్ళను నమ్ముకునే ఆమె తప్పిపోయినవారి ఆఫీసుకి వెళ్ళింది. పుట్టుమూగ తమ్ముడు రైల్వే స్టేషన్ రద్దీలో చెయ్యి వదిలిపోయి తొమ్మిది రోజులైంది. వాడు పేరు చెప్పలేడు, రాయలేడు. చూసి గుర్తుపట్టడానికి అక్క తప్ప వాడికెవరూ లేరు.

గుమాస్తా ఆశ్రమాల నుంచి వచ్చిన ఫొటోలు తెరమీద టకటకా తిప్పసాగాడు.

"కొంచెం మెల్లగా బాబూ."

"బయట క్యూ చూశారా అమ్మా? ఫొటోలు మూడొందలున్నాయి. సొంత తమ్ముణ్ణి గుర్తుపట్టలేరా ఏంటి?"

నీలిగళ్ళ చొక్కా కనబడింది. తప్పిపోయిన రోజు తమ్ముడు వేసుకున్నదీ, తను కుట్టిందీ అచ్చం అలాంటిదే! ఆమె చూపు దానికే అతుక్కుపోయింది. మొహం చూస్తే మరెవరో. ఉసూరుమనేలోగా ఇంకొన్ని ఫొటోలు దాటిపోయాయి. చివరికి 'లేడు' అని ఉన్న కాగితం మీద సంతకం పెట్టింది.

తర్వాత నెలనెలా వెళ్ళింది. కొత్త ఫొటోలే చూపించేవారు. పాతవాటికి ఆమె సంతకం ఉందిగా!

ఐదోనెలలో గుమాస్తా కుర్చీలోకి కొత్త అధికారిణి వచ్చింది. కాగితం పక్కనపెట్టి, మొదటినుంచీ ఒక్కొక్కటే నిదానంగా చూపించింది. నీలిగళ్ళ చొక్కా వచ్చింది. దాని వెనకాలే ఆశ్రమంవాళ్ళ తెల్లచొక్కాలో తమ్ముడు.

"వీడే! వీడేనమ్మా!"

అధికారిణి ఆశ్రమానికి ఫోన్ చేసింది. అతను జ్వరంతో పోయి ఇరవై రోజులైందట. రోజూ గేటు దగ్గర కూర్చుని, వచ్చిన ప్రతివాళ్ళకీ గాలిలో సూదితో కుడుతున్నట్టు చేసి చూపించేవాడట. ఎవరికీ అర్థం కాలేదట.

అక్క అని చెప్పడానికి వాడికి తెలిసిన సైగ అదొక్కటే.

"నేను చూశానమ్మా. చూసి, లేడని సంతకం పెట్టాను" అంటూ ఆమె కుప్పకూలిపోయింది.

అధికారిణి పక్కనే నేలమీద కూర్చుంది. "తప్పు మీ కంటిది కాదమ్మా. మావాళ్ళు తిప్పినంత వేగంగా తిప్పితే, కన్ను ఒకదాన్ని పట్టుకున్న ఆ అరక్షణంలో వెనకాల వచ్చేది ఎదురుగా ఉన్నా కంటికి ఆనదు. ఎవరికైనా అంతే. ఆ అరక్షణం మేం ఇవ్వలేదు."

ఇప్పుడు టైలరమ్మ వారానికో రోజు కుట్టుపని మానేసి ఆ ఆఫీసులో కూర్చుంటుంది. ఎవరైనా ఫొటోలు చూస్తుంటే, వెనక క్యూలో విసుక్కునేవాళ్ళకి ఒకటే మాట చెబుతుంది.

"కాస్త ఓపిక పట్టండయ్యా, మెల్లగా చూడనివ్వండి. నా తమ్ముడు నా కళ్ళముందునుంచే వెళ్ళిపోయాడు."